ఇంటి ఫోటో ప్రింటర్‌లో తెల్ల చుక్కలు, తెగిపోతున్న తలలు: మా అవ్వ కోసం తీస్తున్న ప్రింట్లు, తెలిసినవాళ్లు చెప్పండి

పెన్నాగట్టు

అందరికీ నమస్కారం. మాది తాడిపత్రి. నాలుగు నెలల కింద ఇంట్లో వాడుకునే చిన్న ఫోటో ప్రింటర్ కొన్నాను. ఇంకు బుడ్లు ఉండవు, రిబ్బన్‌తో నడుస్తుంది. డై సబ్లిమేషన్ అంటారు కదా, ఆ రకం. 4x6 ఫోటో ఒకటి నిమిషం లోపే చేతికొస్తుంది. కంపెనీ పేరు రాయడం లేదు. మిషన్‌లో లోపం ఉందో, నేను వాడే పద్ధతిలో ఉందో తేల్చుకోలేకనే ఇక్కడ అడుగుతున్నాను.

ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి. మా అవ్వకు 84 ఏళ్లు. రెండేళ్లుగా మతిమరుపు. మా నాయన ఎదురుగా కూర్చుంటే ఒక్కోరోజు "ఎవరప్పా నువ్వు?" అంటుంది. ఆయన ఏమీ అనకుండా లేచి పెరట్లోకి పోతాడు. ఫోన్‌లో ఫోటోలు చూపించి గుర్తు చేద్దామని చాలా ప్రయత్నం చేశాను. అవ్వ వేలు తగలగానే ఫోటో పక్కకు జారిపోతుంది. లేదంటే పెద్దదైపోయి ముక్కు ఒక్కటే కనబడుతుంది. అంతలో స్క్రీన్ ఆరిపోతుంది. "పాయె" అని ఫోన్ నా చేతిలో పెట్టేస్తుంది.

సంక్రాంతికి పెట్టె సర్దుతుంటే మా చిన్నత్త పెళ్లి ఫోటో ఒకటి దొరికింది. ఊరికే అవ్వ చేతిలో పెట్టాను. కళ్ల దగ్గరికి తెచ్చుకుంది, దూరం పెట్టి చూసింది, వెనక్కి తిప్పి చూసింది. "ఇది మా చిన్నపిల్ల గదా" అంది. ఆ పొద్దు అత్త మెడలో వేసిన కాసులపేరు ఎవరింటి నుంచి అడిగి తెచ్చారో కూడా చెప్పింది. మా నాయన పక్కనే నిలబడి విన్నాడు. ఆ రోజే అనుకున్నాను, ఇంట్లో అందరి మొహాలూ కాగితం మీదికి రావాల్సిందే అని.

ఇక సమస్యలు.

అన్నిటికంటే పెద్దది తెల్ల చుక్కలు. ఇసుక రేణువు అంత సైజులో, ఒక్కో ఫోటోలో నాలుగైదు. మా ఇంటికి రెండు వీధుల అవతలే బండల పాలిష్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. పొద్దున తుడిచిన కిటికీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఆ దుమ్మే కారణమని నా అనుమానం. అందుకని మిషన్ మీద ఎప్పుడూ ఒక పాత నూలు తువ్వాలు కప్పి ఉంచుతున్నాను. అయినా తగ్గలేదు.

రెండోది, తలలు తెగడం. మా తమ్ముడి పెళ్లిలో మెట్ల మీద నిలబెట్టి తీసిన గ్రూప్ ఫోటోలో పై వరస వాళ్లకు నుదుళ్లు లేవు, కింది వరస పిల్లలకు కాళ్లు లేవు. ఫోన్‌లో చూస్తే అందరూ నిండుగా ఉన్నారు.

మూడోది మా తాత ఫోటో. ఆయనది ఒకే ఒక్క ఫోటో ఉంది, నలుపు తెలుపు, స్టూడియోలో తీసినది, గోడకు ఫ్రేములో ఉంటుంది. లోపల ఫోటో అద్దానికి అతుక్కుపోయింది. ఫోన్‌తో తీసి ప్రింట్ ఇస్తే లేత ఆకుపచ్చ రంగు కలిసినట్టు వస్తోంది. పైగా సరిగ్గా ఎడమ చెంప మీద తెల్ల చుక్క. అవ్వ ఆ ఫోటో తీసుకున్న ప్రతిసారీ కొంగు చివర వేలికి చుట్టుకుని ఆ చుక్కను తుడుస్తుంది. పోదు. మళ్లీ తుడుస్తుంది. ఆయన మొహం చూడాల్సిన మనిషి చుక్క దగ్గరే ఆగిపోతోంది. నేను చూడలేకపోతున్నాను. ఐదు కాపీలు తీశాను, ఐదింట్లోనూ చుక్కలే.

ఇప్పటికి 36 కాగితాల ప్యాకెట్లు రెండు అయిపోయాయి. అందులో సగానికి సగం పనికిరాకుండా పోయాయి. నాకు ఒక్కో ప్రింట్ 25 రూపాయల దాకా పడుతోంది. డబ్బు కంటే టైమ్ గురించే టెన్షన్. అవ్వకు ఈ రోజు తెలిసిన మొహం వచ్చే నెల తెలుస్తుందో లేదో.

పాత డార్క్‌రూమ్

అమ్మా, తెనాలిలో 31 ఏళ్లు స్టూడియో నడిపాను. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఒక్కొక్కటే చెబుతాను, ఓపిగ్గా చేయండి.

ముందు ఆ తువ్వాలు తీసేయండి. నూలు తువ్వాలు రాతి పొడిని ఆపడం మాట అటుంచి, తన నూగు తాను రాలుస్తుంది. పాతదైతే మరీను. పని అయ్యాక మిషన్‌ను అట్టపెట్టెలో పెట్టి మూత వేయండి. రిబ్బన్ కాసెట్, మిగిలిన కాగితాలు గాలి చొరబడని జిప్ కవర్‌లో పెట్టండి. కాగితాలను ట్రేలోనే వదిలేయకండి.

మీ మిషన్ పనిచేసే తీరు తెలిస్తే దుమ్ము ఎక్కడ పడుతోందో మీకే తెలుస్తుంది. కాగితం నాలుగుసార్లు లోపలికీ బయటికీ తిరగడం చూసే ఉంటారు. మొదటిసారి పసుపు, రెండోసారి మెజెంటా (ముదురు గులాబీ), మూడోసారి సయాన్ (ఆకాశ నీలం), చివరికి పైన పారదర్శకమైన పూత. రిబ్బన్ మీది రంగు వేడికి ఆవిరై కాగితం పై పొరలోకి దిగుతుంది. మధ్యలో ఒక్క రేణువు అడ్డం ఉన్నా అక్కడ రంగు దిగదు. రేణువు మొదటి నుంచీ కాగితానికి అంటుకుని ఉంటే మూడు రంగులూ దిగవు, తెల్ల చుక్క వస్తుంది. పసుపు అప్పుడు మాత్రమే అడ్డం పడి ఆ తర్వాత ఎగిరిపోతే నీలి చుక్క. మెజెంటా అప్పుడైతే ఆకుపచ్చ, సయాన్ అప్పుడైతే ఎర్ర చుక్క. మీవన్నీ తెల్లవే అంటున్నారంటే దుమ్ము ప్రింట్ మొదలవకముందే కాగితం మీద కూర్చుంటోంది. అంటే ట్రేలో నింపేటప్పుడే.

కాబట్టి కాగితం నింపే గదిలో ఫ్యాన్ ఆపండి, కిటికీ మూయండి, బల్లను తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. కాగితాన్ని అంచులు పట్టుకునే ఎత్తండి. మెరిసే వైపు వేలు తగిలితే ఆ జిడ్డు కూడా మచ్చే. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. కెమెరాలకు వాడే రబ్బరు బ్లోయర్ ఒకటి కొనుక్కోండి. ఫ్యాక్టరీలు మొదలవకముందు తెల్లవారుజామున తీస్తే ఇంకా మంచిది. వేసవిలో ఎలాగూ అదే సరైన టైమ్. ఈ మిషన్లకు లోపల బాగా వేడి పుడుతుంది, గది కూడా కాలిపోతుంటే మధ్యమధ్యలో చల్లారడానికి ఆగిపోతుంటాయి. వెనక వైపు జానెడు జాగా వదలండి, కాగితం అటు కూడా బయటికొస్తుంది, గోడకు తగలకూడదు.

ఇప్పుడు మీ తాతగారి ఫోటో. ఐదు కాపీలు ఉన్నాయన్నారు కదా, ఐదూ నేల మీద వరసగా పరవండి. ఒక్కోదాంట్లో ఒక్కోచోట ఉన్న చుక్కలు దుమ్ము. ఐదింట్లోనూ ఒకేచోట ఉన్నది దుమ్ము కాదు. అది మిషన్‌లోనైనా ఉండాలి, ఫోటోలోనైనా ఉండాలి. తేల్చడం సులువు. ఫోన్‌లో ఆ ఫోటోను తలకిందులుగా తిప్పి ఒక్క ప్రింట్ ఇవ్వండి. చుక్క చెంపతో పాటు తిరిగితే అది ఫోటోలోనే ఉంది. చెంపను వదిలేసి కాగితం మీద పాత చోటే పడితే మిషన్‌లో ఉంది. మిషన్‌లో అయితే లోపల వేలు పెట్టి గోకకండి. వేడెక్కే హెడ్ మీద గీత పడితే ఇక ప్రతి ఫోటోలోనూ గీత వస్తుంది. సర్వీసు వాళ్లకే ఇవ్వండి.

అద్దానికి అతుక్కున్న ఫోటోను లాగనే లాగకండి. బొమ్మ అద్దం మీదే ఉండిపోతుంది, ఇలా పోగొట్టుకుని ఏడుస్తూ మా దగ్గరికి వచ్చినవాళ్లను చూశాను. అద్దంతోనే తీయండి. వరండాలో ఎండ తగలని చోట బల్ల మీద పడుకోబెట్టండి. ఫ్లాష్ వద్దు. ఫోన్‌ను కొంచెం పైకి పట్టి, రెండింతలు జూమ్ చేసి తీస్తే మొహం సాగదు. అద్దంలో మీ నీడ, పైకప్పు కనబడితే నల్ల దుప్పటి ఒకటి తెచ్చి, మధ్యలో ఫోన్ కెమెరా పట్టేంత సందు వదిలి వెనక నుంచి ఎవరినైనా పట్టుకోమనండి. ప్రతిబింబం పోతుంది.

ఆకుపచ్చ ఛాయ మీ తప్పు కాదు. ఈ రిబ్బన్‌లో నలుపు ఉండదు. మూడు రంగులూ కలిసి నలుపూ బూడిదా తయారవ్వాలి. ఏ ఒక్కటి రవ్వంత ఎక్కువైనా ఛాయ తేలుతుంది. ఫోన్ ఎడిటింగ్‌లో ఫోటోకు మీరే కాస్త గోధుమ రంగు ఇచ్చి ప్రింట్ తీయండి. పాత కాలపు ప్రింట్లకు ఎలాగూ ఆ రంగే నప్పుతుంది.

మా రోజుల్లో ఇలాంటి చుక్కలను సన్న కుంచెతో, ఒక్కో చుక్కా పెట్టి పూడ్చేవాళ్లం. మీ ప్రింట్ మీద ఆ పై పూత ఉంది కాబట్టి నీళ్ల రంగు నిలవదు. ప్రింట్‌కు ముందే ఫోన్‌లో సరిచేసుకోవాలి. అయితే మొహం మీద మాత్రం ఎక్కువ చెయ్యి పెట్టకండి. యాప్‌లు చర్మం నున్నగా చేసేస్తాయి. అవ్వగారికి తెలిసింది ముడతలున్న ఆ మొహమే.

ఇద్దరు పిల్లల అమ్మ

తలలు తెగే సంగతి నేను చెబుతాను, నాకూ మొదట్లో ఇదే జరిగింది. ఫోన్ ఫోటో పొడవు వెడల్పుల నిష్పత్తి 4:3. 4x6 కాగితం 3:2. అడ్డంగా తీసిన ఫోటోను అంచులు లేకుండా కాగితం నిండా ఇస్తే పైనా కిందా కలిపి ఎత్తులో తొమ్మిదో వంతు పోతుంది. నిలువుగా తీస్తే అదే కోత పక్కల నుంచి. యాప్‌లో 'బోర్డర్' పెట్టుకుంటే తెల్ల అంచుతో ఫోటో మొత్తం వస్తుంది. ఇకమీదట తీసేవాటికి ఫోన్ కెమెరాలోనే 3:2 ఉంటే పెట్టుకోండి, లేకపోతే తలల పైన కాస్త ఖాళీ వదిలి తీయండి.

ఇంకొకటి, బంధువుల ఫోటోలు వాట్సాప్‌లో తెప్పించుకుంటుంటే డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే అది ఫోటోను నలిపేస్తుంది. ఈ ప్రింటర్లు అంగుళానికి 300 చుక్కలు వేస్తాయి. అంటే 4x6కు 1200x1800 పిక్సెళ్లు చాలు, ఏ ఫోన్ ఫోటోలోనైనా ఉంటాయి. కానీ నలుగురి చేతులు మారి వచ్చిన ఫార్వర్డ్‌లోనో, ప్రొఫైల్ ఫోటో స్క్రీన్‌షాట్‌లోనో ఉండవు. మా మామగారి షష్టిపూర్తి ఫోటోలు అలా పాడైనవి ఒక కట్ట ఉన్నాయి నా దగ్గర.

వైజాగ్ కుర్రోడు

అక్కా, ఆ అరచేతి సైజు ప్రింటర్లు చూడకపోయారా? జింక్ (ZINK) అనే కాగితం వేసేవి. రిబ్బన్ ఉండదు, రంగు కాగితంలోనే ఉంటుంది.

పాత డార్క్‌రూమ్

బాబూ, అవి 2x3 అంగుళాలు. పిల్లలు పుస్తకాలకు అంటించుకోవడానికి బాగుంటాయి. 84 ఏళ్ల కళ్లకు 4x6 ఉండాల్సిందే. కొన్నదాన్నే దారిలో పెట్టుకోనివ్వు.

డాలస్ నుంచి

మా అమ్మ హన్మకొండలో మా అన్న దగ్గర ఉంటుంది. ఆమెకూ ఇదే జబ్బు. నేను ఇక్కడ ఇలాంటి ప్రింటర్‌తోనే ఫోటోలు తీసి పోస్టులో పంపుతుంటాను. ప్రింటింగ్ గురించి పైవాళ్లు చెప్పారు. ఆల్బమ్ గురించి నాకు తెలిసింది రాస్తాను, ఎందుకంటే నేను ఒక ఆల్బమ్ మొత్తం పోగొట్టుకున్నాను.

మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్ల ఆల్బమ్ కొనకండి. ఆ ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే పదార్థం ఈ రంగులను లాగేస్తుంది. నేను పంపినవి అలాంటి ఆల్బమ్‌లో పెట్టి ఎండ పడే కిటికీ పక్కన ఉంచారు. నేను వెళ్లేసరికి నా కూతురి ఎర్ర లంగా వెలిసిపోయి, దాని నీడ ఎదురు పేజీకి అంటింది. పాలీప్రొపిలీన్ అని రాసి ఉన్న కవర్లు తీసుకోండి. ఫోటో మీద సెల్లో టేపు కూడా వేయకండి.

అమ్మ విషయంలో మాకు పనికొచ్చింది ఇంకొకటి. గ్రూప్ ఫోటోలు తగ్గించాం. ఒక ఫోటోలో ఒకరే, మొహం పెద్దగా, వెనక ఏమీ లేకుండా. కింద తెల్ల అంచులో పేరు, వరస పెద్ద అక్షరాలతో: "నీ పెద్ద కొడుకు" అని. పెన్నుతో రాయలేదు, ప్రింట్‌కు ముందే ఫోన్‌లో టైప్ చేసి ఫోటోతో పాటే ప్రింట్ తీశాను. "ఎవరో చెప్పు?" అని మాత్రం అడగొద్దని డాక్టర్ చెప్పారు. చెప్పలేకపోతే బెదిరిపోతారు. మనమే "ఇదిగో పెద్దన్న" అని మొదలుపెడితే మిగతాది ఆమె అందుకుంటుంది.

పెన్నాగట్టు

అందరికీ దండాలు. పది రోజులు పట్టింది, చెప్పినవన్నీ చేశాను. రాస్తాను.

తువ్వాలు తీసేసి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఒక్కసారి విదిలిస్తే ఎండలో ఎంత నూగు లేచిందో. మిషన్ ఇప్పుడు అట్టపెట్టెలో ఉంటోంది. పొద్దున నాలుగున్నరకు లేచి, ఫ్యాన్ ఆపి, బల్ల తడిగుడ్డతో తుడిచి, అప్పుడు కాగితం నింపుతున్నాను. ఒకరోజు మధ్యలో కరెంటు పోయి కాగితం సగంలో ఆగింది. లాగకుండా కరెంటు వచ్చేదాకా ఆగాను, తానే బయటికి తోసేసింది. మొన్న తీసిన 18 ఫోటోల్లో రెండింట్లోనే చుక్కలు. ఒకదాంట్లో నీలి చుక్క! పసుపు అప్పుడు పడిందన్నమాట అని మా నాయనకు చూపించాను.

తమ్ముడి పెళ్లి గ్రూప్ ఫోటో తెల్ల అంచుతో మళ్లీ తీశాను. అందరి నుదుళ్లూ ఉన్నాయి.

తాత ఫోటో. పాత డార్క్‌రూమ్ సార్, మీరు చెప్పినట్టు ఐదు కాపీలు వరసగా పరిచాను. మిగతా చుక్కలన్నీ చోట్లు మారుతున్నాయి. చెంప మీది చుక్క మాత్రం ఐదింట్లోనూ అక్కడే. తలకిందులుగా తీస్తే చెంపతో పాటే తిరిగింది. అంటే ఫోటోలోనే ఉంది, బూజు పట్టి అక్కడ బొమ్మే పోయిందేమో అని నాకు గుండె జారింది. ఫ్రేము గోడ మీంచి దించి వరండాలోకి తెచ్చి వెలుతురులో పక్క నుంచి చూశాను. చుక్క ఫోటో మీద లేదు. అద్దం పైన ఉంది. పోయిన దసరాకు గోడలకు సున్నం కొట్టినప్పుడు పడిన బొట్టు. ఆవగింజంత. తడి గుడ్డ పెట్టి రెండుసార్లు రుద్దితే పోయింది.

నాలుగు నెలలుగా ఆ ఫ్రేము కింది నుంచే తిరుగుతున్నాను. అవ్వ తుడవమని చూపిస్తూనే ఉంది.

నల్ల దుప్పటి మా నాయన పట్టుకున్నాడు. గోధుమ రంగు కొంచెమే ఇచ్చాను. ప్రింట్ బయటికొచ్చేటప్పుడు ఆయన మిషన్ పక్కన వంగి నిలబడి నాలుగుసార్లూ చూశాడు. మొదట పసుపులో మొహం ఉందో లేదో తెలియనట్టు, తర్వాత ఎర్రగా, తర్వాత మీసంతో సహా తాత. చివర్లో పూత పడి మెరిసింది. కాగితానికి అటూ ఇటూ విరిచి తీసేయడానికి ఉండే చిల్లుల అంచులు ఆయనే విరిచాడు. కింద "మీ ఆయన" అని టైప్ చేద్దామనుకున్నాను గానీ, ఈ ఒక్కదానికి నాయన వద్దన్నాడు.

అవ్వకు ఇచ్చాం. అలవాటు కొద్దీ కొంగు వేలికి చుట్టుకుంది. చెంప మీద ఒకసారి రుద్దింది. వేలు తీసి చూసింది. మళ్లీ రుద్దలేదు. చాలాసేపు చూసి, "బీడీలకని పోయినోడు ఇప్పుడా వచ్చేది" అంది. తర్వాత మా నాయన వైపు తిరిగి, "మీ నాయనకు అన్నం పెట్టుపోరా" అంది.

మీ నాయన అంది. ఆయన సరేమ్మా అని లేచాడు.

డాలస్ నుంచి రాసిన అన్నా, మీరు చెప్పిన రకం కవర్లు అనంతపురంలో దొరికాయి. 22 మంది ఫోటోలు ఒక్కొక్కరివీ తీశాను, కింద పేరు, వరసతో. నేను ఇన్నాళ్లూ "ఎవరో చెప్పవ్వా" అనే అడుగుతూ వచ్చాను, మానేశాను. ఇంకో సంగతి, అయిపోయిన రిబ్బన్ పారేయబోతూ లాగి చూస్తే అందులో మా అవ్వ మొహం, అత్తల మొహాలు రంగు రంగుకూ విడివిడిగా కనబడుతున్నాయి. చెత్తలో వేయాలనిపించలేదు, కత్తెరతో ముక్కలు చేసి పొయ్యి పక్కన సంచిలో పెట్టాను. మీరంతా ఏం చేస్తారు వాటిని?

ఇంకొక్క సందేహం. తాత ఫోటోను అవ్వ ఆల్బమ్‌లో పెట్టనివ్వడం లేదు. దిండు కింద పెట్టుకుంటోంది. మా ఊరి ఎండలకు చెమట పడుతుంది. ఎన్నాళ్లు ఉంటుందంటారు?

పాత డార్క్‌రూమ్

పై పూత ఉంది కాబట్టి చెమట తడికి వెంటనే ఏమీ కాదమ్మా. రుద్దుడుకు గీతలు పడతాయి, మూలలు నలుగుతాయి. దిండు కిందే ఉండనివ్వండి. ఫోన్‌లో ఉన్న ఆ ఫైల్‌ను మాత్రం ఇంకో రెండు చోట్ల దాచండి. నలిగినప్పుడల్లా కొత్తది తీసి, ఆమె నిద్రపోతున్నప్పుడు మార్చేయండి.

రిబ్బన్ ముక్కలు మామూలు చెత్తలో వేసేయొచ్చు. పొయ్యిలో మాత్రం వేయకండి, ప్లాస్టిక్ పొగ మంచిది కాదు.

పెన్నాగట్టు

సరే సార్. రెండు కాపీలు తీసి బీరువాలో పెట్టాను. ఫైల్ తమ్ముడికి డాక్యుమెంట్‌గా పంపాను.